కేబీఆర్ పార్కు వాకింగ్: లోపలి బాటకే నా ఓటు

హైదరాబాద్‌లో జూబ్లీహిల్స్, బంజారాహిల్స్ మధ్యనున్న కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయ ఉద్యానవనాన్ని ఊరంతా కేబీఆర్ పార్కు అనే అంటుంది. పార్కు అనేసరికి పచ్చిక, పూలమడులు, పిల్లల ఉయ్యాలలు ఉంటాయనుకుని వచ్చేవాళ్లు చాలామంది. అవి కావాలంటే ఇందిరా పార్కుకు వెళ్లండి. ఇది 1998లో నేషనల్ పార్కుగా ప్రకటించిన అడవి. విస్తీర్ణం సుమారు 142 హెక్టార్లు, అంటే 350 ఎకరాల పైమాటే. ఒకప్పుడు ఏడో నిజాం మనవడు ముకర్రం జాకు చెందిన చిరాన్ ప్యాలెస్ ఆవరణ ఇది. ఆ భవనం ఇప్పటికీ లోపలే ఉంది.

నడవడానికి ఇక్కడ రెండు దారులున్నాయి. కంచె బయట, రోడ్డు వెంబడి చుట్టూ తిరిగే వాక్‌వే ఒకటి. దీనికి టికెట్ లేదు. ఒక చుట్టు ఐదున్నర కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ. మామూలు నడకకు గంట పైన పడుతుంది. రెండోది గేటు లోపలి మట్టి బాట. దీనికి టికెట్ కొనాలి, రోజూ వచ్చేవాళ్లు పాస్ తీసుకుంటారు. ధరలు, వేళలు మారుతుంటాయి కాబట్టి గేటు దగ్గరి బోర్డు చూసుకోవడం మేలు.

టికెట్ డబ్బులు ఎందుకు దండగ అని బయటే నడిచేవాళ్లకు ఒక మాట. తెల్లవారుజామున బయటి దారి బాగానే ఉంటుంది. ఎనిమిది దాటాక జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ వైపు సిగ్నళ్ల దగ్గర వాహనాలు బారులు తీరుతాయి. ఇంజన్లు ఆపకుండా నిలబడ్డ బళ్ల పక్కన వేగంగా నడిస్తే, ఊపిరి ఎంత గట్టిగా తీస్తే అంత పొగ లోపలికి పోతుంది. పైగా గట్టి నేల మీద గంటసేపు నడిస్తే మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు కష్టం. గేట్ల దగ్గర పార్కింగ్ బళ్లు దారికి అడ్డం వస్తే రోడ్డు మీదికి దిగాల్సివస్తుంది. వయసు పైబడినవాళ్లకు అది ప్రమాదం.

లోపలికి వెళ్లి కంచెకు దూరం జరిగేకొద్దీ హారన్ల మోత సన్నగిల్లుతుంది, నెమళ్ల కూతలు వినిపిస్తాయి. ఈ ఒక్క తేడా కోసమే టికెట్ కొనొచ్చు. అయితే బాట చదునుగా ఉండదు. ఇది దక్కన్ గ్రానైట్ నేల, గుండ్లూ గుట్టలే. ఆ రాయి అరిగి రాలిన గరుకు మొరం బాట మీద పరుచుకుని ఉంటుంది. ఎక్కేటప్పుడు ఇబ్బంది లేదు, దిగేటప్పుడే జారుతుంది. గట్టినేల మీద వదులుగా ఉన్న గులకల మీద మడమ ఆనగానే అవి దొర్లుతాయి, కాలు ముందుకు పోతుంది. వాకింగ్ షూ అడుగు అరిగి నున్నబడి ఉంటే మరీనూ. దిగుడులో అడుగులు చిన్నవిగా వేసి, మోకాలు కొద్దిగా వంచి, పాదమంతా ఒకేసారి ఆనించాలి. మొరం ఉన్నచోట పరుగు వద్దు. పెద్ద వాన పడిన మర్నాడు నీళ్లు కోసిన గండ్లు బాటకు అడ్డంగా కనిపిస్తాయి, మసక వెలుగులో చీలమండ మెలిపడేది అక్కడే.

కాలాన్ని బట్టి వేళ మార్చుకోవాలి. ఇక్కడి చెట్లలో చాలావరకు ఎండాకాలం ముందు ఆకు రాల్చేవే. మార్చి, ఏప్రిల్‌లో అడవి అని నీడ ఆశించి ఆలస్యంగా వస్తే మాడిపోతారు. గేటు తీసేసరికి అక్కడ ఉండండి. జూన్ వానలు పడ్డాక వారం రెండు వారాల్లో అడవి గుర్తుపట్టలేనంత పచ్చబడుతుంది. నెమళ్లు పురివిప్పేదీ అప్పుడే. అన్నిటికంటే అందమైన కాలం అదే, కాకపోతే పాములు తిరిగేదీ అప్పుడే. బాట మధ్యలో నడవండి, పొదల్లోకి, రాళ్ల సందుల్లోకి చెయ్యి పెట్టొద్దు.

నెమలి కనిపిస్తే ఆగి, కదలకుండా నిలబడితే చాలు, దాని మానాన అది మేసుకుంటుంది. గింజలు, బిస్కెట్లు వేయొద్దు. తిండికి మరిగిన పక్షి మనుషుల వెంట కంచె దాకా వస్తుంది, అవతల వాహనాలు ఆగని రోడ్డు. మిగిలిన తిండికి ఎలుకలు, కుక్కలు చేరతాయి. రాలిన ఈకైనా, కాయైనా వన్యప్రాణి చట్టం కింద అక్కడి నుంచి తీసుకెళ్లకూడదు. కుక్కను వెంట తేవద్దు. ఫోన్‌లో పాటలు పెట్టుకుని నడిచేవాళ్లు ఇయర్‌ఫోన్లు వాడితే తోటివాళ్లకూ పక్షులకూ ఎంతో మేలు. మంచినీళ్లు స్టీలు సీసాలో తెచ్చుకోండి.

ఒక బెంగ మాత్రం ఉంది. పార్కు చుట్టూ రక్షణ పట్టీగా 2020లో ప్రకటించిన ఎకో సెన్సిటివ్ జోన్ వెడల్పు కొన్నిచోట్ల 3 మీటర్లే, ఎక్కువలో ఎక్కువ 29.8 మీటర్లు. చుట్టూ రోడ్ల విస్తరణ మాట వచ్చినప్పుడల్లా అంచు చెట్ల మీదే కత్తి వేలాడుతోంది. బయటి దారికి నీడనిచ్చేదీ, లోపలికి దుమ్మూ ధ్వనీ రాకుండా ఆపేదీ ఆ చెట్లే. వాటిని కొట్టి వేరేచోట మొక్కలు నాటితే ఇక్కడి నడకకు ఒరిగేదేమీ లేదు.

మెట్రోలో వచ్చేవాళ్లు జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ స్టేషన్‌లో దిగాలి. మెయిన్ గేటు ఆ మూలన లేదు, బంజారాహిల్స్ రోడ్ నంబర్ 2 వైపుంది. కంచె పక్కనే నడిచి చేరాలి. తెల్లవారుజామునే లోపలికి వెళ్లాలనుకుంటే మెట్రో కుదరదు, ఆటో గానీ సొంత బండి గానీ చూసుకోండి.