కోడింగ్ కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు ఏ ఎడిటర్? ఏళ్ల తరబడి వాడాక నా సమీక్ష

ఎడిటర్ అంటే కోడ్ రాసుకునే సాఫ్ట్‌వేర్. ఏది వాడాలో ముందే తేల్చి చెప్పేస్తా. పైథాన్‌తో మొదలుపెడుతున్నవాళ్లు మొదటి కొన్ని వారాలు థానీ వాడండి, లూపులు, ఫంక్షన్లు చేతికి అలవాటయ్యాక వీఎస్ కోడ్‌కి మారండి, మారాక కూడా ఏఐ సూచనలు కొన్నాళ్లు ఆపేసి ఉంచండి. వెబ్ పేజీలు నేర్చుకునేవాళ్లకు థానీ పనికిరాదు, వాళ్లు నేరుగా వీఎస్ కోడ్‌కే వెళ్లొచ్చు. నేను ఏళ్లుగా రోజూ వీఎస్ కోడ్‌లోనే పని చేస్తున్నా, అంతకుముందు నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్, సబ్‌లైమ్, ఆటమ్ అన్నీ వాడా. కొత్తగా నేర్చుకునేవాళ్ల పక్కన కూర్చుని వాళ్లు ఎక్కడ ఆగిపోతున్నారో చూడటం కూడా నాకు అలవాటే, ఈ సమీక్షలో సగం అలా చూసి తెలుసుకున్నదే.

ఏ ఎడిటర్ మంచిది అని అడిగితే ఎవరైనా ఫీచర్ల గురించే చెబుతారు. ఎన్ని థీమ్‌లు ఉన్నాయి, ఎన్ని ఎక్స్‌టెన్షన్లు (అదనపు సౌకర్యాలు కలిపే చిన్న ప్రోగ్రామ్‌లు) దొరుకుతాయి, ఎంత స్పీడుగా తెరుచుకుంటుంది అని. మొదట్లో వాటితో పెద్దగా పని ఉండదు. రాసింది ఒకటి, వచ్చిన జవాబు ఇంకొకటి అయినప్పుడు తేడా ఎక్కడొచ్చిందో ఆ ఎడిటర్ ఎంతవరకు చూపిస్తుందన్నదే నేను చూస్తాను, ఎందుకంటే మొదటి నెలల్లో టైమంతా పోయేది అక్కడే.

అందుకే థానీ. ఎస్టోనియాలోని టార్టు విశ్వవిద్యాలయంలో, పైథాన్ నేర్చుకునేవాళ్ల కోసమే తయారైంది, ఉచితం. ఇన్‌స్టాల్ చేస్తే పైథాన్ కూడా దాంతోనే వచ్చేస్తుంది కాబట్టి విడిగా దించుకోవడం, అది ఎక్కడుందో కంప్యూటర్‌కి చెప్పే పాత్‌లో చేర్చడం లాంటి తలనొప్పులు ఉండవు. తెరవగానే పైన కోడ్ రాసే చోటు, కింద ఫలితం కనిపించే షెల్, అంతే. వ్యూ మెనూలో వేరియబుల్స్ అన్నది టిక్ చేస్తే పక్కన ఒక పట్టిక వస్తుంది, ఏ పేరులో ఏ విలువ ఉందో అందులో కనిపిస్తూ ఉంటుంది.

అసలు గొప్పతనం దాని డీబగ్గర్‌లో, అంటే ప్రోగ్రామ్‌ని అడుగడుగునా ఆపి చూపించే సాధనంలో ఉంది. రెండు సబ్జెక్టుల సగటు కావాలి, మార్కులు 40, 60. కొత్తవాళ్లు చాలామంది ఇలా రాస్తారు: సగటు = మొదటిది + రెండోది / 2. (పైథాన్ 3లో వేరియబుల్ పేర్లు తెలుగులో పెట్టుకున్నా నడుస్తుంది.) 50 రావాలి, 70.0 వస్తుంది. మామూలు ఎడిటర్‌లో అయితే ఆ 70.0 వంక చూస్తూ కూర్చోవాలి. థానీలో డీబగ్ మొదలుపెట్టి ఎఫ్7 నొక్కుతూ పోతే ఆ లైను మనముందే కరుగుతుంది. మొదటిది అన్న చోట 40 వచ్చి కూర్చుంటుంది, రెండోది అన్న చోట 60, ఆ తర్వాత 60 / 2 అన్న ముక్క మాత్రమే 30.0గా మారుతుంది, చివరికి 40 + 30.0 కాస్తా 70.0 అవుతుంది. భాగహారం ముందు జరిగిపోయిందని, కూడికకు బ్రాకెట్లు కావాలని ఎవరూ చెప్పక్కర్లేదు. ఒక లైను లోపల ఒక్కో ముక్కా ఏ వరసలో లెక్కకు వస్తుందో ఇంత విడమరిచి చూపించే ఎడిటర్ నేను వాడినవాటిలో ఇంకోటి లేదు.

ఫంక్షన్లకూ అంతే. ఫంక్షన్‌ని పిలిచిన ప్రతిసారీ దానికంటూ ఒక చిన్న కిటికీ తెరుచుకుని, అందులో ఆ పిలుపుకి చెందిన లోకల్ వేరియబుల్స్ విడిగా కనిపిస్తాయి. ఫంక్షన్ తనను తానే పిలుచుకోవడాన్ని రికర్షన్ అంటారు. దాంతో ఫాక్టోరియల్ (5 × 4 × 3 × 2 × 1 లాంటి గుణకారం) లెక్కిస్తే 5 కోసం ఒక కిటికీ, అందులోంచి 4 కోసం ఇంకొకటి, అలా 1 దాకా వెళ్లి ఒక్కొక్కటే మూసుకుంటూ వెనక్కి రావడం చూస్తే రికర్షన్ అంటే భయం పోతుంది. ఇప్పటికీ ఎవరికైనా రికర్షన్ చెప్పాలంటే నేను తెరిచేది థానీయే.

దానికి హద్దులూ ఉన్నాయి. ఫైళ్లు నాలుగైదు దాటి ప్రాజెక్ట్ పెద్దదయ్యేసరికి ఇరుకుగా అనిపిస్తుంది, వేల సార్లు తిరిగే లూపుని అడుగడుగునా డీబగ్ చేస్తే బాగా నెమ్మదిస్తుంది, హెచ్‌టీఎంఎల్, జావాస్క్రిప్ట్ దాని పని కాదు. ఆ ఇరుకు తెలిసిన రోజున మారితే చాలు, అంతకుముందు తొందరేం లేదు.

ఇక వీఎస్ కోడ్. మైక్రోసాఫ్ట్ 2015లో తెచ్చింది, ఇదీ ఉచితమే, విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ ఒకేలా నడుస్తుంది. నాకు ఇష్టమైన పనిముట్టు, కానీ కొత్తవాళ్ల చేతికి ఏమీ చెప్పకుండా ఇస్తే మొదటి వారమే టెన్షన్ పెడుతుంది. ఇది ఎడిటర్ మాత్రమే. పైథాన్ గానీ సీ కంపైలర్ (సీ కోడ్‌ని కంప్యూటర్ నడపగలిగేలా మార్చేది) గానీ ఇందులో ఉండవు, అవి విడిగా వేసుకోవాలి. ఎక్స్‌టెన్షన్ వేశాం కదా, ఇంకా ఎందుకు నడవదు అని తల పట్టుకునేవాళ్లందరి సమస్యా ఇదే, ఎక్స్‌టెన్షన్ అంటే భాష కాదు, ఆ భాషని ఎడిటర్‌కి పరిచయం చేసే సాధనం.

రెండోది, ఫైల్ తెరవకండి, ఫోల్డర్ తెరవండి. ఓపెన్ ఫోల్డర్ కొట్టి పని మొదలుపెడితే టెర్మినల్ (కమాండ్లు టైప్ చేసే కిటికీ) కూడా ఆ ఫోల్డర్‌లోనే తెరుచుకుంటుంది, లేకపోతే ఫైల్ ఒకచోట, టెర్మినల్ ఇంకోచోట ఉండి 'అలాంటి ఫైల్ లేదు' అని ఎర్రర్ వస్తుంది, ఫైల్ చూస్తే కళ్లముందే ఉంటుంది. ఫోల్డర్ తెరవగానే దీన్ని రాసినవాళ్లను నమ్ముతారా అని ఒక ప్రశ్న వస్తుంది, మీ సొంత ఫోల్డరే కాబట్టి అవునని కొట్టేయండి, ఎక్కడినుంచో దించుకున్నదైతే మాత్రం ఆగి ఆలోచించండి.

సేవ్ సంగతి కూడా చూసుకోండి. ట్యాబ్ మీద ఫైల్ పేరు పక్కన ఇంటూ గుర్తుకి బదులు చిన్న చుక్క ఉందంటే మార్పులు ఇంకా సేవ్ కాలేదన్నమాట. టెర్మినల్‌లో మీరే కమాండ్ టైప్ చేసి నడిపితే సేవ్ అయిన పాత కోడే నడుస్తుంది. కోడ్ సరిచేశాం కదా, మళ్లీ అదే ఎర్రర్ ఎందుకొస్తోంది అని జుట్టు పీక్కునేవాళ్లను చూస్తే నేను మొదట చూసేది ఆ చుక్కనే. ఫైల్ మెనూలో ఆటో సేవ్ టిక్ పెట్టేస్తే ఈ గొడవ ఉండదు.

ఇంకొకటి, ఇది చాలామంది విలువైన సాయంత్రాలు తినేస్తుంది. ఒక్క క్లిక్కుతో ఏ భాషనైనా నడిపే రన్నర్ ఎక్స్‌టెన్షన్లు కొన్ని ఫలితాన్ని టెర్మినల్‌లో కాకుండా అవుట్‌పుట్ అనే ప్యానెల్‌లో చూపిస్తాయి. అది చదవడానికే, అందులో టైప్ చేయలేం. ప్రోగ్రామ్ మీ పేరు అడుగుతుంది, మీరు ఎంత కొట్టినా అక్కడ అక్షరం పడదు, ప్రోగ్రామ్ ఎదురుచూస్తూనే ఉంటుంది. కోడ్‌లో తప్పేమీ లేదు, దాన్ని పదిసార్లు తిరగరాయకండి. ఆ ఎక్స్‌టెన్షన్ సెట్టింగ్స్‌లో టెర్మినల్‌లో నడపమని పెట్టండి, లేదా పైథాన్ ఎక్స్‌టెన్షన్‌తో వచ్చే రన్ బటనే వాడండి, అది టెర్మినల్‌లోనే నడుస్తుంది.

ఇవి దాటితే మాత్రం వీఎస్ కోడ్ చేతికి అమరిపోతుంది. లైను నంబరు ఎడమపక్కన క్లిక్ చేసి ఎర్రచుక్క పెట్టి ఎఫ్5 కొడితే ప్రోగ్రామ్ అక్కడ ఆగుతుంది, ఎఫ్10తో ఒక్కో లైనూ ముందుకు వెళ్లొచ్చు. థానీ అంత విడమరచదు గానీ లైను స్థాయిలో చాలా బాగుంటుంది, అయినా ఏళ్ల తరబడి వాడేవాళ్లు కూడా దీన్ని వదిలేసి ప్రింట్లతోనే నెట్టుకొస్తుంటారు, నాకది నిజంగా బాధగా ఉంటుంది. ఒక పేరు మీద ఎఫ్2 కొట్టి మారిస్తే అది వాడిన ప్రతిచోటా మారుతుంది. కోడ్‌లో మార్పుల చరిత్రని దాచే గిట్ వాడటం మొదలుపెట్టాక పాత కోడ్, కొత్త కోడ్ పక్కపక్కన పెట్టి చూపించడం ఒక్కటి చాలు, దీన్ని వదలబుద్ధి కాదు. బ్రౌజర్ ఇంజిన్‌ని లోపల పెట్టుకున్న ఎలక్ట్రాన్ మీద కట్టింది కాబట్టి మెమరీ ఎక్కువే తింటుంది, 4 జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్‌లో బ్రౌజర్ కూడా తెరిచి పెట్టుకుంటే బరువుగా నడుస్తుంది. తెలుగులో ప్రింట్ చేస్తే దాని టెర్మినల్‌లో ఒత్తులు, గుణింతాలు చెదిరిపోయి కనిపిస్తాయి, కంగారుపడకండి, అదే వాక్యాన్ని ఫైల్‌లో రాసి ఎడిటర్‌లో తెరిస్తే చక్కగానే ఉంటుంది.

ఏఐ సూచనల గురించి నా మాట కొందరికి నచ్చదని తెలుసు. మీరు ఫంక్షన్ పేరు రాయగానే మిగతా పది లైన్లూ బూడిద రంగులో ప్రత్యక్షమవుతాయి, ట్యాబ్ కొడితే మీ ఫైల్‌లోకి వచ్చేస్తాయి. పనిలో నేనూ వాడతాను, ఆ పది లైన్లలో ఏది తప్పో చదివి పట్టుకోగలను కాబట్టి. నేర్చుకునే దశలో ఆ చదవడమే ఇంకా రాదు. లూపు ఎక్కడ మొదలవ్వాలి, ఎక్కడ ఆగాలి అని తల బద్దలు కొట్టుకునే ఆ నాలుగు నిమిషాల్లోనే నేర్చుకోవడం జరుగుతుంది, ఆ బూడిద అక్షరాలు సరిగ్గా ఆ నాలుగు నిమిషాలనే లాగేసుకుంటాయి. సెట్టింగ్స్‌లో ఇన్‌లైన్ సజెస్ట్ అని వెతికి టిక్ తీసేయండి. చుక్క పెట్టగానే మెథడ్ల పేర్లు చూపించే మామూలు జాబితాని మాత్రం ఉంచుకోండి, అది ఆలోచనని ఆపదు, స్పెల్లింగ్ తప్పుల్ని ఆపుతుంది.

మిగతావి క్లుప్తంగా చెబుతా. సబ్‌లైమ్ టెక్స్ట్ చాలా వేగం, పెద్ద ఫైళ్లను అవలీలగా తెరుస్తుంది, అది డబ్బు పెట్టి కొనే సాఫ్ట్‌వేర్, గడువు లేకుండా పరీక్షించి చూడనిస్తుంది గానీ అప్పుడప్పుడు కొనమని గుర్తుచేస్తుంది. పైచార్మ్ మంచిదే, ముందే అన్నీ అమర్చి ఉంటాయి, కానీ మొదటి ప్రోగ్రామ్ రాయడానికి ముందే ప్రాజెక్ట్, ఇంటర్‌ప్రెటర్, వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ అంటూ అడుగుతుంది. విమ్ మొదటి ఎడిటర్‌గా వద్దు, అయితే ఎప్పుడో ఒకప్పుడు సర్వర్ మీద ఎదురుపడుతుంది కాబట్టి ఎస్కేప్ కొట్టి, కోలన్, క్యూ, ఆశ్చర్యార్థకం టైప్ చేసి ఎంటర్ కొడితే సేవ్ చేయకుండా బయటపడొచ్చని తెలిసి ఉండాలి. ఆటమ్‌ని ఎవరైనా పాత వీడియో చూసి సూచిస్తే వినకండి, దాన్ని తయారుచేసిన గిట్‌హబ్ సంస్థే 2022 డిసెంబరులో మూసేసింది. నాకు చాలా ఇష్టమైన ఎడిటర్ అది. దాన్నుంచి మారేటప్పుడు అలవాటైన షార్ట్‌కట్లు చాలావరకు కొత్తచోటా పనికొచ్చాయి, కాబట్టి ఏది ఎంచుకుంటే జీవితాంతం దానికే కట్టుబడాలేమోనన్న దిగులు పెట్టుకోవద్దు.

సీ భాష నేర్చుకునేవాళ్లు విండోస్‌లో ఉంటే కోడ్ బ్లాక్స్ చూడండి, కంపైలర్ కలిపి ఉన్న ఇన్‌స్టాలర్‌నే దించుకోండి, పేరులో మింగ్‌డబ్ల్యూ అని ఉంటుంది, అది లేనిది దించుకుంటే కంపైలర్ కోసం మళ్లీ వెతుక్కోవాలి. జావా వాళ్లకు థానీ లాంటిది బ్లూజే. అందులో క్లాసులు పెట్టెలుగా కనిపిస్తాయి, పెట్టె మీద కుడి క్లిక్ చేసి ఆబ్జెక్ట్ తయారుచేసుకుని, మెయిన్ మెథడ్ రాయకుండానే దాని మెథడ్లను ఒక్కొక్కటిగా పిలిచి ఏం తిరిగిస్తుందో చూసుకోవచ్చు.