కట్టప్పకు తమ్ముడున్నాడా? మాహిష్మతి విజ్ఞాన సర్వస్వంలో ఏ ఆధారం చెల్లాలి?

బాహుబలి లోకం మీద అభిమానులమే కూడి తెలుగులో ఒక విజ్ఞాన సర్వస్వం రాసుకుందామని హనుమకొండలో మొదలుపెట్టాం. మొదటి పంచాయితీ కట్టప్ప పేజీలో ‘కుటుంబం’ అన్న వరుస దగ్గరే వచ్చింది. సినిమాలో ఆయనకు తమ్ముడి ముచ్చటే లేదు. సినిమాకు ముందు జరిగిన కథగా ఆనంద్ నీలకంఠన్ రాసిన నవల ‘ది రైజ్ ఆఫ్ శివగామి’ (2017) తిరగేస్తే శివప్ప అని ఓ తమ్ముడున్నాడు, అన్నలాగా తలవంచుకుని బతికే రకం కూడా కాదు. “సినిమాల లేనిది మనకెందుకే అన్నా” అని ఒకడు, “ఆ పుస్తకం సినిమావాళ్లు కాదన్నదా ఏంది, వాళ్ల పేరు మీదనే వచ్చింది గదరా” అని ఇంకొకడు. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది కాబట్టే ఇది తెగదు.

సినిమా ఒక్కటే ప్రమాణం అనుకుంటే పని సులువు. అమెరికా సీరియల్ స్టార్ ట్రెక్ అభిమానులు నెట్‌లో పెట్టుకున్న విజ్ఞాన సర్వస్వం ‘మెమరీ ఆల్ఫా’ అట్లాగే నడుస్తుంది: తెర మీద వచ్చిన సీరియళ్లు, సినిమాలే లెక్క. అనుమతితో అచ్చైన నవలలన్నీ ‘మెమరీ బీటా’ అనే వేరే సైటులో ఉంటాయి. గొడవ వస్తే సినిమా పెట్టి చూపిస్తే చాలు, నోరు మూతపడుతుంది. కానీ ఆ గీత కూడా కదులుతూనే ఉంటుంది. 1973లో మొదలైన స్టార్ ట్రెక్ కార్టూన్ సిరీస్‌ను దాని హక్కుదారులే చాలా ఏళ్లు లెక్కలోకి తీసుకోలేదు, ఇప్పుడు తీసుకుంటున్నారు. అసలు మన దగ్గర ‘సినిమా’ అన్నదైనా ఒక్కటేనా? తెలుగులో, తమిళంలో రెండింటా తీశారు, తమిళంలో భల్లాలదేవుడి పేరు పల్వాళ్‌దేవన్. 2015 భాగం, 2017 భాగం, ఆ రెండూ కత్తిరించి కలిపిన 2025 నాటి ‘ది ఎపిక్’... ఏ సినిమా అని అడిగితే మళ్లీ మొదటికే వస్తాం.

అన్నీ సమానమే అనేది రెండో దారి. డాక్టర్ హూ అభిమానులు ఇంచుమించు ఈ దారినే పట్టారు. 1963 నుంచి నడుస్తున్న కథకు ‘ఇది అసలు, ఇది కాదు’ అని బీబీసీ ఎప్పుడూ జాబితా వేయలేదు కాబట్టి సీరియల్, నవల, ఆడియో నాటకం అన్నిటికీ ఒకే పీట. కాలంలో అటూ ఇటూ తిరిగే మనిషి కథ అది, పొంతన కుదరకపోయినా చెల్లుతుంది. మాహిష్మతిలో చెల్లదు. నవలలో శివగామి తండ్రి దేవరాయను రాజద్రోహి అని చంపేస్తారు, ఆ పిల్ల మాహిష్మతిని నాశనం చేస్తానని ఒట్టు పెట్టుకుని పెరుగుతుంది. సినిమాలో ఆమె ఆ రాజ్యానికే వెన్నెముక, చిన్నతనం గురించి ఒక్క మాట కూడా లేదు. ఈ రెండూ ఒకే పేరాలో ఒకదాని వెనక ఒకటి రాసేస్తే చదవడానికి భలే సాఫీగా ఉంటుంది, కానీ సినిమా మాత్రమే చూసిన పిల్లాడు వచ్చి ‘ఈ సీను ఏ భాగంలో ఉంది’ అని వెతుక్కుంటూ కూర్చుంటాడు. 2024లో హాట్‌స్టార్‌లో వచ్చిన ‘క్రౌన్ ఆఫ్ బ్లడ్’ యానిమేషన్‌లోని రక్తదేవుడి సంగతీ అంతే. అంత పెద్ద శత్రువు పేరు సినిమాలో ఎవరూ తలవరేం అని అడిగితే మన దగ్గర జవాబు లేదు.

స్టార్ వార్స్ వాళ్లకు ఈ చిక్కు సంస్థే తెంపింది. 2014 ఏప్రిల్ 25న ఆ సినిమాలు తీసే లూకాస్‌ఫిల్మ్ పాత నవలలు, కామిక్స్ అన్నిటినీ ‘లెజెండ్స్’ అని పక్కకు జరిపింది. అందుకే స్టార్ వార్స్ అభిమానుల విజ్ఞాన సర్వస్వం ‘వూకీపీడియా’లో ఒకే పాత్రకు రెండు పేజీలు కనిపిస్తాయి. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది గానీ అక్కడ రాసేవాళ్ల బలగం వేరు. మనం పట్టుమని పదిమందిమి లేము, ప్రతి పాత్రకూ రెండు పేజీలంటే సగం ఖాళీగా పడి ఉంటాయి. పైగా మన దగ్గర ఎవరూ అట్లా ప్రకటించలేదు, గీత గీయాల్సింది మనమే.

నా ఓటు ఒకే పేజీకి, కానీ ప్రతి ముక్క పక్కన అది ఎక్కడిదో రాసి. ఇది మన దగ్గర కొత్తేం కాదు. బమ్మెర ఇక్కడికి దగ్గరే కదా, పోతన భాగవతమే తీసుకోండి. అయిదో స్కంధం గంగన రాశాడు, ఆరోది ఏర్చూరి సింగన, పదకొండూ పన్నెండూ వెలిగందల నారయ. అన్నీ ఒకే పుస్తకంగా అచ్చవుతాయి, కానీ స్కంధం చివరి గద్య చూస్తే అది ఎవరు రాశారో అక్కడే ఉంటుంది. నారయ అయితే పోతనకు ప్రియశిష్యుణ్ని అని కూడా చెప్పుకుంటాడు. ఎవరూ ఎవర్నీ గెంటెయ్యలేదు, ఎవరి పద్యాన్నీ పోతన ఖాతాలో వెయ్యలేదు. కట్టప్ప పేజీ కూడా ఇట్లాగే పెట్టొచ్చు: మొదట సినిమా, దాని కింద ‘నవలలో’ అని శీర్షిక పెట్టి శివప్ప, ఆ కింద యానిమేషన్. ఎక్కడైనా పొంతన కుదరకపోతే సినిమా మాటే పై మాట, పేజీ పక్క పెట్టెలో సినిమా వివరాలు తప్ప ఇంకేవీ వద్దు. రేపు సినిమావాళ్లే నవల చెల్లదన్నారనుకోండి, శీర్షిక మారిస్తే సరిపోతుంది, పేజీ తిరగరాసే టెన్షన్ ఉండదు.

ఇంటర్వ్యూల దగ్గర మాత్రం నేను గట్టిగానే ఉంటా. సెట్ ఎట్లా వేశారు, యుద్ధం ఎట్లా తీశారు అని దర్శకుడు చెబితే ‘తెర వెనుక’లో నిశ్చింతగా రాసుకోవచ్చు. కథలో ఏం జరిగిందో నోటిమాటగా చెబితే దాన్ని కథలో కలపొద్దు. మొదటి భాగంలో కట్టప్పకు మాటిచ్చి వెళ్లిన అస్లాం ఖాన్ రెండో భాగంలో కనిపించడు. ఆ ఖాళీని ఎవరో వేదిక మీద సరదాగా అన్న మాటతో నింపేస్తే అది విజ్ఞాన సర్వస్వం కాదు, ముచ్చట్ల మూట.

కిలికి సంగతి వేరు. సినిమా కోసం మదన్ కార్కి దాదాపు 750 మాటలు, 40 వ్యాకరణ సూత్రాలతో కట్టిన భాష అది, తర్వాత ఆయనే దాన్ని ఇంకా పెంచి 2020లో నేర్చుకునేందుకు సైటు కూడా పెట్టాడు. చేసినవాడే పెంచాడు కాబట్టి కిలికి పేజీలో తీసుకోవాల్సిందే, కానీ కాలకేయుల నాయకుడి నోట వినబడ్డ మాటలు ఒక పట్టికలో, తర్వాత చేరినవి ఇంకో పట్టికలో ఉండాలి.

ఇక ‘ది ఎపిక్’. అందులో శివుడు, అవంతికల ప్రేమ ఘట్టం చాలావరకు కోతపడింది, ‘పచ్చబొట్టేసిన’ పాట కూడా పోయింది. కోసేశారంటే జరగలేదనా? నిడివి కోసం తీసేసినదాన్ని కథలోంచి తీసేసినట్టు లెక్కెయ్యడం నాకు సమ్మతం కాదు. అవంతిక పేజీలో 2015 నాటి కథ మొత్తం ఉంచి, ‘2025 కూర్పులో లేదు’ అని ఆ పేరా చివర ఒక్క ముక్క రాద్దాం. ‘ది ఎపిక్’లో కొత్తగా కనబడ్డ షాట్ ఏదైనా ఉంటే దానికీ ఇట్లాగే, ఏ కూర్పుదో పక్కనే పెట్టి. నెట్‌ఫ్లిక్స్ కోసం తీసి విడుదలే చేయని సిరీస్‌కు ఒక పేజీ చాలు, దాంట్లోంచి కట్టప్ప పేజీకి ఏదీ రావొద్దు.