మారేడుమిల్లి మట్టి దారుల్లో: ఫోన్ జీపీఎస్సా, కాగితం మ్యాపా?

సిగ్నల్ పోతే జీపీఎస్ పనిచేయదని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. కనీసం 4 ఉపగ్రహాల సంకేతాలు అందితే చాలు, టవర్ లేకపోయినా మీరెక్కడున్నారో ఫోన్ చెప్పేస్తుంది. లేకుండా పోయేది మ్యాపు. మారేడుమిల్లి ఘాట్ ఎక్కాక తెర మీద నీలం చుక్క ఒక్కటే మిగిలి చుట్టూ ఖాళీగా కనిపించేది అందుకే. ముందురోజే ఆఫ్‌లైన్ మ్యాప్ డౌన్‌లోడ్ చేసుకుంటే ఈ టెన్షన్ ఉండదు.

కాగితం సంగతి వేరు. సర్వే ఆఫ్ ఇండియా 1:50,000 టోపోషీట్‌లో (కొండల ఎత్తులు, వాగులు, దారులు చూపించే కాగితం మ్యాపు) 2 సెంటీమీటర్లంటే నేల మీద ఒక కిలోమీటరు. ఒకే ఎత్తులో ఉన్న చోట్లను కలిపే గీతని కాంటూరు అంటారు; కొండ ప్రాంతాల్లో కాంటూరు గీతకీ గీతకీ మధ్య సాధారణంగా 20 మీటర్ల ఎత్తు తేడా. ఆ గీతలు ఒకదాన్నొకటి రాసుకుంటున్నట్టు ఉన్నాయంటే ఆ వాలు మీదకి బండి తీసుకెళ్లకండి. వాగు ఎటు పారుతుందో, దాటాక ఏ ఊరు తగులుతుందో ఒక్క చూపులో తెలుస్తుంది. అరచేతంత తెరలో అది కుదరదు. కాకపోతే షీట్లు పాతవి, అందులో ఉన్న బండిబాట ఈపాటికి పొదల్లో కలిసిపోయి ఉండొచ్చు. మీరెక్కడున్నారో కూడా దిక్సూచి పట్టుకుని మీరే తేల్చుకోవాలి.

స్టీరింగ్ ముందు నా ఓటు జీపీఎస్‌కే. కానీ రాత్రి మంచం మీద పరిచి దారి వేసుకునేది టోపోషీట్‌తోనే. ఫోన్ వానలో తడిసి చచ్చిన రోజు నన్ను బయటపడేసింది కూడా అదే. (అడవిలోకి వెళ్లే ముందు అటవీశాఖ అనుమతి మర్చిపోకండి.)

వాగులో ఇవాళ నీళ్లెంత ఉన్నాయో మాత్రం రెండూ చెప్పవు, ఊళ్లోవాళ్లనే అడగాలి.