అమ్మతో కలిసి చూడాలంటే: కిచెనా, థప్పడా, గర్ల్‌ఫ్రెండా?

"మా అమ్మతో కలిసి చూడాలి, ఏది పెట్టమంటారు?" అని అడిగేవాళ్లు ఈ మధ్య ఎక్కువయ్యారు. ఆడవాళ్ల వైపు నుంచి చెప్పిన సినిమా అనగానే అందరి నోటా వినిపిస్తున్నవి మూడు: మలయాళం 'ది గ్రేట్ ఇండియన్ కిచెన్' (2021), హిందీ 'థప్పడ్' (2020), మన తెలుగు 'ది గర్ల్‌ఫ్రెండ్' (2025). కథలు మొత్తం చెప్పను, అవసరమైనంతే.

మొగుడు ఎంత దుర్మార్గుడు, చివర్లో ఆమె ఎంత గట్టిగా బుద్ధి చెప్పింది అన్నదే చాలామంది చూస్తారు. నేను చూసేది వేరు. కథలో పెద్దావిడ ఉంటుంది చూడండి, అమ్మో అత్తగారో, ఆవిడకు సినిమా ఏం మిగిల్చింది? మీ పక్కన కూర్చున్న అమ్మ కళ్లు హీరోయిన్ మీద కన్నా ఆవిడ మీదే ఉంటాయి మరి.

సినిమాగా చూస్తే జియో బేబీ తీసిన కిచెన్‌దే పైచేయి. తాలింపు చిటపటలు, గిన్నెల చప్పుళ్లతోనే నడిపించేశాడు. హీరోయిన్ ఆ ఇంటి కొత్త కోడలు. మామగారికి అన్నం కట్టెల పొయ్యి మీదే వండాలి, పచ్చడి రోట్లోనే నూరాలి. నమిలేసిన ములక్కాడ పిప్పి కంచం పక్కన, బల్ల మీదే. సింకు కారుతోంది, ప్లంబర్‌ని పిలవమని ఆమె చెబుతూనే ఉంటుంది, మొగుడు మర్చిపోతూనే ఉంటాడు. కొత్తగా పెళ్లయిన తమ్ముడికి చూపించాలంటే ఇంతకన్నా మంచి సినిమా లేదు.

అమ్మ దగ్గరికొచ్చేసరికే చిక్కు. ఆ ఇంటి అత్తగారు కూతురి కాన్పుకని విదేశం వెళ్లిపోతుంది, ఆ తర్వాత ఫోన్‌లో గొంతుగా మిగులుతుంది. ఆవిడ పెద్ద చదువు చదివి ఇంట్లోనే ఉండిపోయిన సంగతి మామగారే గొప్పగా చెప్పుకుంటాడు. ఆవిడకేమనిపించిందో మనకు అందదు. చివర్లో హీరోయిన్ పుట్టింటికి వస్తుంది. ఇంట్లో మగపిల్లాడు మంచినీళ్లు అడిగితే తల్లి ఆడపిల్లకు పురమాయిస్తుంది, హీరోయిన్ వాడి మీద అరిచేస్తుంది. న్యాయమైన కోపమే. కాకపోతే ఆ క్షణంలో తెర మీది తల్లితో పాటు మీ అమ్మ కూడా బోనులో నిలబడుతుంది.

అనుభవ్ సిన్హా 'థప్పడ్'లో మొగుడు భార్య అమృతను కొట్టే చెంపదెబ్బ ఒక్కటే. దాని గురించి అందరూ రాశారు. నాకు మాత్రం అమృత తల్లిగా రత్నా పాఠక్ షా చేసిన సీన్ వదలడం లేదు. సంసారం నిలబడాలంటే ఆడది సర్దుకోవాలని నమ్మిన మనిషి ఆవిడ. పాట వదిలేసుకుంది. భర్త మంచివాడు, కూతురి పక్షాన నిలబడ్డవాడు. నేనెప్పుడైనా వద్దన్నానా అని ఆశ్చర్యపోతాడు. వద్దనలేదు, పాడమని కూడా అనలేదు అన్నట్టుగా ఉంటుంది ఆవిడ జవాబు. కొట్టని, తిట్టని మగాడి లెక్క కూడా అక్కడే బయటపడుతుంది.

అత్తగారు (తన్వీ ఆజ్మీ) కూడా సీరియల్ అత్తగారు కాదు. ముందు కొడుకు బాధే చూస్తుంది. వెళ్లిపోయే ముందు కోడలు మనసులో మాటంతా చెబితే విని, తప్పు ఒప్పుకుంటుంది. లోపాలు లేవని కాదు. ప్రతి జంట కథనీ ఓ కొలిక్కి తేవాలన్న తాపత్రయం ఎక్కువ, అక్కడక్కడా క్లాసు పీకినట్టుంటుంది. రోజూ తన్నులు తినే పనిమనిషి సునీత కథకు ఇంకాస్త చోటు ఇవ్వాల్సింది.

రాహుల్ రవీంద్రన్ తీసిన 'గర్ల్‌ఫ్రెండ్'లో హీరోయిన్ భూమ (రష్మిక) ప్రేమించిన విక్రమ్‌కి తల్లిగా రోహిణి వేసిన చిన్న పాత్ర ఒళ్లు జలదరింపజేస్తుంది. (థప్పడ్ మొగుడూ విక్రమే, ఏమిటో!) ఆవిడలో తన రేపటిని చూసుకుని భూమ బెదిరిపోతుంది. రష్మిక అంత బాగా చేసిన సీన్ నేను వేరే చూడలేదు. కానీ ఆ తల్లి భూమకు హెచ్చరికగా పనికొచ్చింది, అంతే. భూమ బయటపడింది సరే, ఆ ఇంట్లో ఆవిడ సంగతేంటి? డిగ్రీ చదివే కూతురితో చూడ్డానికి దీన్ని మించింది లేదు, పైగా సబ్‌టైటిల్స్ గొడవ లేదు. అమ్మకు మాత్రం భయమే మిగులుతుంది.

ఇవి కాక, మలయాళం 'జయ జయ జయ జయ హే' నవ్వుకోవడానికి బాగుంటుంది. హిందీ 'లాపతా లేడీస్' ఎవరితోనైనా చూడొచ్చు, రైల్వే స్టేషన్‌లో టీ కొట్టు నడిపే మంజు మాయి ఒక్కతే చాలు. కిచెన్‌ హిందీ రీమేక్ 'మిసెస్' కన్నా మలయాళమే చూడండి.

నా ఓటు థప్పడ్‌కే. హైదరాబాద్ అమ్మలకు హిందీ సమస్య కాదు. రాని వాళ్లకు పక్కన కూర్చుని మీరే చెబుతూ ఉండండి. తల్లీ తండ్రీ మాట్లాడుకునే సీన్‌కి మాత్రం ఏమీ చెప్పకండి, రత్నా పాఠక్ షా మొహం చూస్తే అర్థమైపోతుంది. నాన్నగారిని కూడా కూర్చోబెట్టగలిగితే మరీ మంచిది.