‘స్టేజ్‌కోచ్’ బ్లూ-రే: డాక్టర్ బూన్ కోసం

‘స్టేజ్‌కోచ్’ ఒక గుర్రపు బండిలో కలిసి ప్రయాణించే కొందరి కథ చెప్పే 1939 నాటి హాలీవుడ్ చిత్రం. మేటి చిత్రాలను డిస్కులుగా తెచ్చే క్రైటీరియన్ సంస్థ 2010లో అమెరికాలో విడుదల చేసిన దాని బ్లూ-రేను చాలామంది దర్శకుడు జాన్ ఫోర్డ్ కోసమో, కథానాయకుడు జాన్ వేన్ కోసమో కొంటారు. నేను మాత్రం తాగుబోతు డాక్టర్ బూన్‌గా నటించిన థామస్ మిచెల్ కోసం కొన్నాను. 96 నిమిషాల ఈ చిత్రాన్ని నాచేత మళ్ళీ మళ్ళీ చూపిస్తున్నది ఆయన నటనే.

న్యూజెర్సీలోని ఎలిజబెత్ పట్టణంలో, ఐర్లండ్ నుంచి వలస వచ్చిన కుటుంబంలో 1892లో పుట్టిన మిచెల్, నటుడిగానూ నాటక రచయితగానూ రంగస్థలం మీద ఏళ్ల తరబడి పనిచేసి, నలభై దాటిన తర్వాతే హాలీవుడ్‌లో స్థిరపడ్డారు. 1939 ఒక్క ఏడాదిలోనే ‘గాన్ విత్ ది విండ్’లో కథానాయిక తండ్రిగా, ‘ఓన్లీ ఏంజెల్స్ హావ్ వింగ్స్’లో చూపు మందగిస్తున్న విమాన చోదకుడిగా, ‘ది హంచ్‌బ్యాక్ ఆఫ్ నోటర్‌డామ్’లో బిచ్చగాళ్ల రాజుగా కనిపించారు. ‘స్టేజ్‌కోచ్’కు ఉత్తమ సహాయనటుడిగా ఆస్కార్ అందుకున్నారు. 1953లో టెలివిజన్ రంగపు ఎమ్మీ, రంగస్థలపు టోనీ కూడా రావడంతో ఆ మూడు పురస్కారాలూ పొందిన తొలి పురుష నటుడయ్యారు.

తోటి ప్రయాణికుడైన విస్కీ వ్యాపారి సంచిలోని శాంపిల్ సీసాలను దారిపొడవునా ఖాళీ చేసిన బూన్‌కు, ఒక మజిలీలో నిండు గర్భిణికి పురుడు పోయవలసిన అవసరం ముంచుకొస్తుంది. నల్ల కాఫీ తెమ్మని అరిచి, కప్పు వెంట కప్పు తాగుతూ మత్తు దింపుకొనే ఆ ఘట్టంలో మిచెల్ నవ్వించడానికి ప్రయత్నించరు. వదిలేశాననుకున్న వృత్తి మళ్ళీ పిలిచినప్పుడు ఒక మనిషికి కలిగే భయాన్నీ సిగ్గునూ కళ్లలోనే చూపిస్తారు. చివర్లో, బండి చేరిన లార్డ్స్‌బర్గ్ ఊరి సారాకొట్టులో హంతకుడైన ల్యూక్ ప్లమ్మర్‌కు ఎదురు నిలిచి తుపాకీ వదిలి వెళ్ళమంటారు. అతడు వెళ్ళాక గ్లాసు ఎత్తి, తననింకెప్పుడూ ఇలాంటి పని చేయనివ్వవద్దంటారు. ధైర్యం చేసిన తర్వాత వచ్చే వణుకును ఇంత నిజంగా నటించినవారు అరుదు.

ఆ ముఖాన్ని దగ్గరగా చూడటానికి ఈ డిస్కు చాలా ఉపకరిస్తుంది. 1942 నాటి నైట్రేట్ డూప్ నెగటివ్ (పాతకాలపు నైట్రేట్ ఫిల్ముపై తీసిన నకలు నెగటివ్) నుంచి తీసిన ఈ ప్రతిలో అక్కడక్కడా గీతలు కనిపిస్తాయి. వాటిని పూర్తిగా తుడిచే ప్రయత్నంలో బూన్ నుదుటి ముడతలు, మాసిన గడ్డం కూడా చెరిగిపోయే ప్రమాదం ఉంది కాబట్టి, గీతలను ఉండనివ్వడమే మంచిదని నా అభిప్రాయం.

అదనపు అంశాలలో సినిమా విమర్శకుడు జిమ్ కిట్సెస్ వ్యాఖ్యానం, ఫోర్డ్ 1917లో తీసిన మూకీ చిత్రం ‘బకింగ్ బ్రాడ్‌వే’, స్టంట్ కళాకారుడు యాకిమా కనట్ గురించిన భాగం ఉన్నాయి. మిచెల్ గురించి విడిగా ఏదీ లేదు. ఇంతటి క్యారెక్టర్ ఆర్టిస్టుకు పది నిమిషాలైనా కేటాయించవలసింది.

బ్లూ-రే డిస్కులు ఏ ప్రాంతపు ప్లేయర్లలో ఆడాలో ‘రీజియన్’ గుర్తు నిర్ణయిస్తుంది; ఇది రీజియన్ ‘ఎ’ డిస్కు. అమెరికాలో ఉండే తెలుగువారికి ఇబ్బంది లేదు కాని, భారతదేశం రీజియన్ ‘సి’ కిందికి వస్తుంది కనుక, ఇక్కడివారు అన్ని రీజియన్ల డిస్కులూ ఆడే ప్లేయర్ తమ దగ్గర ఉందో లేదో చూసుకున్న తర్వాతే దీన్ని తెప్పించుకోవాలి.