ఇంటీరియర్స్‌కు విడిగా 12 లక్షలు కట్టాను: పాత ఫ్లాట్ కొనేవారికి ఒక హెచ్చరిక

హైదరాబాద్‌లో రీసేల్ ఫ్లాట్ కోసం తిరుగుతున్నవారు, ముఖ్యంగా "ఫుల్లీ ఫర్నిష్‌డ్ అండీ, బట్టలు సర్దుకుని వచ్చేయడమే" అన్న మాటకు మెత్తబడుతున్నవారు, బయానా ఇచ్చే ముందు ఇది ఒకసారి చదవాలని కోరుతున్నాను. ఈ ఏడాది మార్చిలో నిజాంపేటలో మేము మూడు పడక గదుల ఫ్లాట్ ఒకటి కొన్నాము. ఇంటి ధర కాక, అందులోని చెక్కపనికీ, ఫాల్స్ సీలింగుకూ, గోడల అలంకరణకూ కలిపి 12 లక్షల రూపాయలు విడిగా చెల్లించాము. ఆ 12 లక్షల సరుకులో ఈ రోజున మా ఇంట్లో పనికొచ్చేలా మిగిలినవి రెండు వార్డ్‌రోబులు, గుమ్మం పక్కన ఒక చెప్పుల అర. విషయం లాయరు దగ్గర ఉంది కనుక అమ్మినవారి పేరు గానీ, అపార్ట్‌మెంటు పేరు గానీ రాయడం లేదు.

మేము ఎలా పడిపోయామో దాచకుండా చెబుతాను, ఎందుకంటే ఇందులో మా తప్పు కూడా ఉంది. ఫిబ్రవరిలో ఒక ఆదివారం అదే బ్లాకులో రెండు ఫ్లాట్లు చూశాము. మూడో అంతస్తులోనిది ఖాళీ ఫ్లాటు. గోడల మీద మేకుల రంధ్రాలు, క్యాలెండర్ వేలాడిన చోట తెల్లటి చదరం, వంటింట్లో ఒట్టి గ్రానైట్ బండ. ధర 80 లక్షలు. అయిదో అంతస్తులోనిది కూడా అంతే విస్తీర్ణం, అంతే అన్‌డివైడెడ్ షేర్ (స్థలంలో ఫ్లాటుకు వచ్చే వాటా), అదే బిల్డర్ కట్టినది. కానీ మేము వెళ్ళింది సాయంత్రం ఏడు గంటలకు. హాల్లో సీలింగ్ అంచుల నుంచి పసుపు వెలుతురు జారుతోంది, ఏసీ ముందే వేసి ఉంచారు, టీవీ వెనక గోడంతా గీతల ప్యానెల్, పెద్ద పడకగదిలో మంచం తల వైపు గోడకు నేల నుంచి కప్పు దాకా మెత్తటి గుడ్డ ప్యానెల్. కొత్త పెయింటు వాసన ఇంకా పోలేదు. అయిదేళ్ళు కాపురం ఉన్న ఇంటికి అమ్మే ముందు కొత్త పెయింటు ఎందుకు వేయించారని ఆ రోజు మాకు తట్టలేదు.

యజమాని ఒక ఫైలు తీసి బిల్లులు చూపించారు. అయిదేళ్ళ క్రితం 17 లక్షలు ఖర్చయిందనీ, మాకు 14 లక్షలకే వదిలేస్తున్నాననీ అన్నారు. బేరమాడి 12కు తెచ్చి, రెండు లక్షలు మిగిల్చానని ఇంటికి వచ్చేదారిలో సంబరపడ్డాను. ఇంతకీ మమ్మల్ని ఒప్పించింది ఆ అందం ఒక్కటే కాదు. ఖాళీ ఫ్లాటు కొంటే కార్పెంటర్ చుట్టూ మూడు నెలలు తిరగాలన్న భయం. ఈ ఊళ్ళో ఆ అనుభవం ఉన్నవారికి ఆ భయం విలువ ఎంతో తెలుస్తుంది, మేము దానికి 12 లక్షలు కట్టాము. అయితే ఆ బిల్లులు ఆయన అభిరుచికి ఆయన పెట్టిన ఖర్చును మాత్రమే చూపిస్తాయి. ఆ వస్తువుకు ఇవాళ ఉన్న ధర వాటిలో ఉండదు. భూమిలో మన వాటాకు రేటు ఏటేటా పెరగవచ్చు. లామినేట్ అంచు ఊడిన అల్మారాకు ఏ సంవత్సరమూ పెరగదు. వ్యాపార ఆస్తులకు ఆదాయపు పన్ను లెక్కల్లో ఫర్నిచర్‌కు ఏటా, మిగిలిన విలువ మీద, 10 శాతం తరుగు ఇస్తారు. ఆ మెతక లెక్కనే పట్టుకున్నా, 17 లక్షల పని అయిదేళ్ళకు దాదాపు 10 లక్షలకు దిగుతుంది. నేను కాగితం మీద ఈ మాత్రం కూడిక, తీసివేత కూడా చేయలేదు.

మొదటి దెబ్బ బ్యాంకులో తగిలింది. ఇంటి ధర 80, ఇంటీరియర్స్ 12, మొత్తం 92 లక్షల మీద 80 శాతం రుణం వస్తుందని నేను వేసుకున్న అంచనా 73 లక్షల 60 వేలు. బ్యాంకు పంపిన వాల్యూయర్ ఇరవై నిమిషాల్లో పని ముగించుకున్నాడు. గదులు కొలిచాడు, అంతస్తు రాసుకున్నాడు, నాలుగు ఫొటోలు తీశాడు, ఆ వెలుగుల సీలింగు వైపు తల కూడా ఎత్తలేదు. అడిగితే, "సేల్ డీడ్‌లో లేనిదానికి మేము విలువ కట్టము సార్" అన్నాడు. 30 లక్షలు దాటి 75 లక్షల దాకా ఉండే గృహరుణాలకు రిజర్వు బ్యాంకు పెట్టిన హద్దు ఆస్తి విలువలో 80 శాతం. దస్తావేజు 80 లక్షలకు కనుక మాకు 64 లక్షలే వచ్చింది. తేడా 9 లక్షల 60 వేలు. స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి తెలంగాణలో 7.5 శాతం, అంటే మరో 6 లక్షలు, ఎలాగూ చేతి సొమ్మే. చివరికి మా ఆవిడ నగలు తాకట్టు పెట్టి ఆ గీతల ప్యానెల్ కొన్నామన్నమాట.

ఇక్కడ నేను చేసిన ఒకే ఒక తెలివైన పని చెప్పాలి. ఇంటీరియర్స్ సొమ్ము నగదుగా ఇమ్మని అమ్మినాయన అడిగినప్పుడు ఒప్పుకోలేదు. స్థిరాస్తి అమ్మకానికి 20 వేలు, ఆపైన సొమ్మును నగదుగా తీసుకోకూడదు. ఏ లావాదేవీలోనైనా ఒకరి దగ్గర 2 లక్షలు, ఆపైన నగదు తీసుకోవడం కూడా నిషేధమే. బ్యాంకు ద్వారానే పంపాను. ఆ ఎంట్రీ లేకపోతే ఈ రోజు లాయరు ముందు కూర్చోవడానికి కూడా నా దగ్గర ఏమీ ఉండేది కాదు.

ఏప్రిల్‌లో గృహప్రవేశం చేశాము. ఎండాకాలమంతా ఇల్లు అద్దంలా ఉంది. జులై మూడో వారంలో పెద్ద పడకగదిలో తడి గోనెసంచి వాసన మొదలైంది. ముందు ఏసీ అనుకున్నాము, తరవాత పరుపు అనుకున్నాము. ఒక రాత్రి మంచం వెనక జారిపడిన ఫోను ఛార్జరు తీయబోతే, ప్యానెల్ గుడ్డ అడుగు అంచు చేతికి చల్లగా, జిగటగా తగిలింది. మర్నాడు మేస్త్రిని పిలిపించి ప్యానెల్ ఊడదీయించాము. వెనక ప్లైవుడ్ చట్రం నల్లబడి ఉంది. దాని వెనక గోడకు మనిషి ఎత్తున నెమ్ము, ప్లాస్టర్ పెచ్చులుగా లేచి, ఉప్పు తెల్లగా పూసి ఉంది. పెచ్చుల మధ్య ఒకచోట పాత వాటర్‌ప్రూఫింగ్ పూత బ్రష్షు గీతలు స్పష్టంగా కనిపించాయి. అంటే ఎవరో ఆ గోడను అంతకు ముందే చూశారు, పూత పూశారు, అది నిలవకపోయేసరికి మీద ప్యానెల్ బిగించారు. కారణం పై అంతస్తు బాత్‌రూమ్. ఆ నీళ్ళు స్లాబు నుంచి గోడలోకి దిగుతున్నాయి. ఆ గదిలో ఫాల్స్ సీలింగును ఒక అడుగు చదరాన కోయిస్తే, పైన స్లాబుకు అంటి గోధుమరంగు వలయాలు ఒకదాని మీద ఒకటి ఉన్నాయి.

వంటింటి కథ దీనికంటే చిన్నది, కానీ విలువ సంగతి నాకు తేటతెల్లం చేసింది అదే. సింకు కింది అర తలుపు మూసుకోవడం లేదని అదే మేస్త్రికి చూపించాను. అతను అడుగు పలకను వేలితో నొక్కితే వేలు లోపలికి దిగింది. "ఇది కట్టె కాదు సార్, పొట్టు. నీళ్ళు తగిలితే అటుకుల లెక్క ఉబ్బుతది" అన్నాడు. బిల్లులో ఉన్నది 18 ఎంఎం మెరైన్ ప్లై. ఐఎస్ 710 ముద్ర ఉన్న ఆ రకం ప్లై నీళ్ళలో గంటల తరబడి మరిగించినా పొరలు విడకూడదని ప్రమాణం. అమర్చింది మాత్రం లామినేట్ అంటించిన పార్టికల్ బోర్డు. మొత్తం విప్పి అమ్మేస్తే ఏమైనా వస్తుందా అని అడిగాను. "అమ్ముడా? తీస్కపోయేదానికి ట్రాలీ కిరాయి మీరే ఇయ్యాలె సార్" అన్నాడు. నేను లక్షల్లో కొన్న వస్తువుకు బజారు కట్టిన ధర అది.

ఒప్పందపు కాగితం గురించి కూడా చెప్పాలి. మేము రాసుకున్న అగ్రిమెంటులో "పూర్తి వుడ్ వర్క్, సీలింగ్, లైట్లు, ఇతర అమరికలు" అని ఒక్క వాక్యం ఉంది. తాళాలు చేతికి వచ్చేసరికి మూడు ఏసీల్లో రెండు లేవు, భోజనాల బల్ల మీది వేలాడే దీపం లేదు, వాటర్ ప్యూరిఫయర్ ఉన్న చోట రెండు రంధ్రాలు మిగిలాయి. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 8వ సెక్షన్ ప్రకారం ఇల్లు చేతులు మారితే తలుపులు, కిటికీలు, తాళాలు, ఇంటితోపాటు శాశ్వత వినియోగానికి అమర్చినవన్నీ కొన్నవారికే చెందుతాయి. ఈ లెక్కన గోడకు బిగించిన అల్మారాకు విడిగా డబ్బు కట్టడమే ఆలోచించాల్సిన విషయం. ఏసీ వంటి వాటి దగ్గర మాత్రం చట్టం కంటే జాబితాయే కాపాడుతుంది. ఏ గదిలో ఏ కంపెనీ ఏసీ, ఏ మోడల్, ఎన్ని ఫ్యాన్లు, ఏ కర్టెన్లు అని ఫొటోలతో సహా రాయించుకోవాలి. మేము మొహమాటపడ్డాము.

అన్నిటికంటే కోపం తెప్పించిన సంగతి ఆగస్టులో తెలిసింది. పై ఫ్లాటు వారితో మాట్లాడించమని అపార్ట్‌మెంట్ అసోసియేషన్ ఆఫీసుకు వెళితే, సెక్రటరీగారు ఫిర్యాదుల రిజిస్టరు తిరగేసి, రెండేళ్ళ క్రితం మాకు అమ్మిన పెద్దమనిషి స్వదస్తూరీతో "బెడ్‌రూమ్ గోడ సీపేజ్" అని రాసిన పేజీ చూపించారు. స్థిరాస్తి నియంత్రణ చట్టం, అంటే రెరా, 14వ సెక్షన్ ప్రకారం ఫ్లాటు స్వాధీనం చేసిన నాటి నుంచి అయిదేళ్ళలోపు నిర్మాణంలో గానీ, పనితనంలో గానీ లోపం బయటపడి బిల్డర్ దృష్టికి తెస్తే, అతను 30 రోజుల్లో సొంత ఖర్చుతో బాగుచేయాలి. రెండేళ్ళ క్రితం ఆ గడువు ఉంది. బిల్డర్ చేత చేయించి ఉంటే రూపాయి ఖర్చు లేకుండా పోయేది. మేము రిజిస్ట్రేషన్ చేసుకునే నాటికి గడువు దాటి నాలుగు నెలలైంది. కొనేవారికి తెలియని, మామూలు జాగ్రత్తతో కనిపెట్టలేని ముఖ్యమైన లోపం అమ్మేవారికి తెలిసి ఉంటే చెప్పి తీరాలని ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ అంటోంది. "అన్నీ చూసుకునే కదా కొన్నారు" అన్నది ఆయన వాదన. మేకులు కొట్టి బిగించిన ప్యానెల్ వెనక చూడటం మామూలు జాగ్రత్త కిందికి రాదన్నది మా లాయరుగారి వాదన. ఆ రిజిస్టరు పేజీ నకలు ఆయన అన్నిటికంటే భద్రంగా పెట్టుకున్నారు.

ఇంతా చెప్పి, అలంకరణకు విలువే లేదని నేను అనడం లేదు. కొండాపూర్, గచ్చిబౌలి వైపు అద్దెకు ఇచ్చే ఇంటికి అల్మారాలు, వంటింటి అరలు ఉంటే సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు త్వరగా దిగుతారు, అద్దె కూడా కొంత ఎక్కువ పలుకుతుంది. అమ్మకంలో దాని ఉపయోగం, నాకు అర్థమైనంత వరకు, ఇల్లు త్వరగా అమ్ముడుపోవడం దాకానే. అమ్మదలచినవారు కారే కుళాయిలు బాగుచేయించి, లేతరంగు వేయించి, గదులు ఖాళీగా, వెలుతురుగా ఉంచితే చాలు. లక్షలు పోసి చేయించిన పూజగది కొనేవారి వాస్తు లెక్కకు సరిపడకపోతే మొదటి వారంలోనే పగులుతుంది. మా ఇంట్లోనూ అదే జరిగింది, నైరుతిలో ఉన్న పాలరాతి మందిరాన్ని మా అత్తగారు ఒక్క పూట ఉండనివ్వలేదు.

కొనేవారు చూడవలసినవి కొన్ని చెబుతాను. వీలైతే వానాకాలంలో చూడండి, పట్టపగలు చూడండి, లైట్లన్నీ ఆర్పించి చూడండి. ప్యానెల్ ఉన్న గోడ బాత్‌రూమును ఆనుకుని ఉంటే ఒక పలక విప్పించమని అడగండి. ఒప్పుకోకపోతే అక్కడే మీకు జవాబు దొరికినట్టు. సింకు కింద పైపు దూర్చిన రంధ్రం అంచు మీద టార్చి వేయండి: పొరలు పొరలుగా కనిపిస్తే ప్లైవుడ్, రవ్వలా కనిపిస్తే పార్టికల్ బోర్డు, పిండి గట్టిపడినట్టు ఉంటే ఎండీఎఫ్ (కట్టె నారను జిగురుతో అదిమి చేసిన పలక). అసోసియేషన్ రిజిస్టరు చూపించమని అడగడానికి సిగ్గుపడకండి. బ్యాంకు వాల్యూయర్ కాక, సొంతంగా ఒక సివిల్ ఇంజనీరును, ఒక కార్పెంటరును వెంట తీసుకెళ్ళండి. వారిద్దరికీ ఇచ్చే డబ్బు మీ బేరంలో ఒక్క మాటతో తిరిగి వస్తుంది. అదే బ్లాకులో ఖాళీ ఫ్లాటు ఎంతకు పోయిందో ముందు కనుక్కుని, దాని మీద పైసా ఎక్కువ ఇవ్వవలసి వస్తే, ఆ పైసాకు ఎదురుగా ఏ వస్తువు ఉందో మీ కార్పెంటరు చేత ధర కట్టించండి.

పై ఫ్లాటువారు మంచివారు. బాత్‌రూమ్ పలకలు తవ్వించి మళ్ళీ వాటర్‌ప్రూఫింగ్ చేయించారు, ఖర్చు సగం సగం పంచుకున్నాము. మా పడకగది గోడను ప్లాస్టర్ చెక్కేసి ఇటుక కనిపించేలా వదిలేశాము, సంక్రాంతి దాకా ఆరనివ్వమన్నాడు మేస్త్రి. విక్రేతకు నోటీసు అంది 26 రోజులైంది. జవాబు రాలేదు.