నడుము నొప్పితో రెండుసార్లు కేరళ: కోవళంలో ఒక గంట, చెరుతురుత్తిలో పద్నాలుగు రోజులు

గుంటూరులో ఇరవై రెండేళ్ళుగా బట్టలు కుడుతున్నాను. మిషన్ మీదకి వంగి రోజుకి ఎనిమిది తొమ్మిది గంటలు కూర్చునే పని. నలభై అయిదు దాటాక నడుము కింది భాగంలో మొదలైన నొప్పి మెల్లగా కుడి పిరుదులోకి, తొడ వెనక్కి దిగింది. ఎమ్మారై తీయిస్తే నడుము కింది భాగంలో ఎల్4-ఎల్5 అనే రెండు వెన్నుపూసల మధ్య మెత్తలా ఉండే డిస్క్ కొంచెం ఉబ్బిందన్నారు. ఆపరేషన్ అక్కర్లేదు, వ్యాయామాలు చేయమని కాగితం ఇచ్చారు. ఆ కాగితం మిషన్ సొరుగులోనే ఉండిపోయింది. బెల్టు కొనుక్కుని పెట్టుకున్నాను.

మా అత్తగారు ఎదురుకాళ్ళతో పుట్టిన పిల్లాణ్ణి పిలిపించి నడుము తొక్కించారు. అదీ అయింది. రాత్రి ఆముదం కాచి మా వారు మర్దన చేస్తే ఆ పూటకి నిద్ర పట్టేది. ఆ రెండు మూడు గంటల హాయి వల్లే నాకు ఈ మసాజ్ మీద ఆశ పుట్టింది. ఇంట్లో తెలిసీ తెలియక చేస్తేనే ఇలా ఉంటే, తెలిసినవాళ్ళు చేస్తే ఎలా ఉంటుందో అనుకున్నాను.

మొదటిసారి వెళ్ళింది సంక్రాంతి సెలవుల్లో, పిల్లలతో తిరువనంతపురానికి. పద్మనాభస్వామి దర్శనం చేసుకుని కోవళంలో రెండు రాత్రులు ఉన్నాం. లైట్‌హౌస్ బీచ్ వెనక సందులో లాడ్జి. గది శుభ్రంగా ఉంది, కిటికీలోంచి సముద్రం కనిపిస్తుంది, మనుషులు మర్యాదస్తులు. కానీ పరుపు మధ్యలో కుంగిపోయి ఉంది. మొదటి రాత్రి నేల మీద దుప్పటి పరుచుకుని పడుకున్నాను. నడుము నొప్పి ఉన్నవాళ్ళు గది తీసుకునే ముందు పరుపు మీద ఒకసారి పడుకుని చూడాలి. సముద్రం కనిపించే గది కంటే గట్టి పరుపున్న గది మనకి ముఖ్యం.

ఆ బీచ్ పొడుగునా ఆయుర్వేద మసాజ్ బోర్డులే. మర్నాడు ఒకచోట గంటకి 1,800 రూపాయలిచ్చి చేయించుకున్నాను. దాని పేరు రాయను. లోపలికి వెళ్ళిన అయిదో నిమిషంలో బల్ల మీద బోర్లా పడుకుని ఉన్నాను. నొప్పి ఎక్కడ, ఎన్నాళ్ళనుంచి, కాలిలోకి పాకుతోందా అని ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. ఎమ్మారై సంగతి నేనే చెప్పబోతే ఆ అమ్మాయి నవ్వి తలూపింది. తనకి నా భాష రాదు, అక్కడ డాక్టరు లేరు. మొదటి అరగంట నిజంగా బాగుంది. తర్వాత మోచేత్తో వెన్నుపూసల మీదే బలంగా నొక్కింది. నొప్పి అంటే తగ్గించాలని తనకి ఎవరూ నేర్పలేదేమో. తిరుగు ప్రయాణంలో కాలు చివరిదాకా కరెంటు షాక్ కొట్టినట్టు లాగింది, మూడు రోజులు మంచం దిగలేకపోయాను. తప్పు ఆ అమ్మాయిది అనను. అలసిపోయి వచ్చిన టూరిస్టుకి చేసే మర్దననే ఒక రోగికి చేసింది. ఆ తేడా అడిగి తెలుసుకునే మనిషి అక్కడ లేకపోవడమే లోపం.

అక్కడితో మానేద్దామనుకున్నా. మా వీధిలో ఒక పెద్దావిడ, మోకాళ్ళకి కేరళలో ఆసుపత్రిలో చేరి వైద్యం చేయించుకున్నావిడ, ‘నువ్వు షాపుకి వెళ్ళావమ్మా, వైద్యుడి దగ్గరికి వెళ్ళలేదు’ అంది. ఆ మాట నా మనసులో నాటుకుంది.

కొట్టక్కల్ ఆర్యవైద్యశాల పేరు మనవాళ్ళందరికీ తెలిసిందే. 1902లో పి.ఎస్. వారియర్ గారు మలప్పురం ప్రాంతంలో మొదలుపెట్టిన సంస్థ. వాళ్ళ తైలాలు మన ఊళ్ళలోనూ దొరుకుతాయి. ముందు అక్కడే చేరాలనుకున్నాను. అయితే అక్కడ గది కావాలంటే చాలా ముందుగా రాసుకోవాలి, నాకున్న వెసులుబాటు ఆషాఢం ఒక్కటే. పెళ్ళిళ్ళుండవు కాబట్టి కుట్టుపని పల్చబడుతుంది. శ్రావణం వచ్చిందంటే ఊపిరి సలపదు. అందుకని షొర్నూరు దగ్గర, భారతప్పుళ నది ఒడ్డున ఉన్న చెరుతురుత్తిలో ఒక చిన్న ఆసుపత్రిని ఎంచుకున్నాం. ఎంచుకునే ముందు మూడు చోట్లకి ఫోన్ చేశాం. రెండు చోట్ల ప్యాకేజీ ధర చెప్పారు. ఒక రిసార్టు అయితే పద్నాలుగు రోజులకి లక్షన్నర పైనే చెప్పి, ఈత కొలను గురించి ఎక్కువ మాట్లాడింది. మూడో చోట మాత్రం ‘రిపోర్టులు పంపండి, డాక్టరు చూశాక చెప్తాం’ అన్నారు. అక్కడికే వెళ్ళాం. కేరళ పర్యాటక శాఖ ఆయుర్వేద కేంద్రాలకి గ్రీన్ లీఫ్, ఆలివ్ లీఫ్ అని గుర్తింపులు ఇచ్చేది. బోర్డు మీద అలాంటిది ఉంటే మంచిదే, కానీ నాకు ‘రిపోర్టులు పంపండి’ అన్న ఆ ఒక్క మాటే పెద్ద గుర్తింపులా అనిపించింది.

ప్రయాణం శబరి ఎక్స్‌ప్రెస్‌లో, పాలక్కాడ్ దాకా. నలభై అయిదు దాటిన ఆడవాళ్ళకి లోయర్ బెర్త్ కోటా ఉంది, టికెట్ తీసుకునేటప్పుడు మర్చిపోవద్దు. సైడ్ లోయర్ మాత్రం వద్దు, రెండు సీట్లు కలిపిన చోట మధ్యలో గాడి నడుముకి తగులుతుంది. గంటకోసారి లేచి తలుపు దాకా నడిచాను. మధ్యాహ్నం పాలక్కాడ్‌లో రైలు మారి షొర్నూరు, అక్కణ్ణుంచి ఆటో. తెలుగువాళ్ళమని తెలియగానే ఆటో అతను ‘స్వామీ, శబరిమలయా?’ అని ఆప్యాయంగా అడిగాడు. నడుము పట్టుకుని చూపిస్తే వెంటనే అర్థమై గుంతలున్న చోటల్లా నెమ్మదిగా నడిపాడు.

మొదటి రోజు మసాజే లేదు. వైద్యురాలు ముప్పావు గంట మాట్లాడారు. పడుకోబెట్టి ఒక్కొక్క కాలూ నిటారుగా పైకెత్తి చూశారు, బొటనవేలు పైకి ఎత్తమని చేత్తో అదిమి బలం చూశారు, మడమల మీద, మునివేళ్ళ మీద నడిపించారు. మూత్రం ఆపుకోవడంలో ఇబ్బంది ఉందా, తొడల మధ్య మొద్దుబారిందా, జ్వరం, బరువు తగ్గడం ఉన్నాయా అని అడిగారు. వీటిలో ఏది ఉన్నా మసాజ్ చేయకుండా పెద్దాసుపత్రికి పంపించేస్తామన్నారు. కోవళంలో నేను పడుకున్న బల్ల గుర్తొచ్చి భయం వేసింది. ఆ ప్రశ్నలు ఎంత అవసరమో అప్పుడు తెలిసింది.

బెల్టు కూడా ఆ రోజే తీయించారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో దీర్ఘకాలిక నడుము నొప్పి మీద ఇచ్చిన సూచనల్లోనూ బెల్టులు, ట్రాక్షన్ (నడుముని సాగదీసి లాగే చికిత్స) మామూలుగా వాడొద్దనే ఉందని, వ్యాయామంతో పాటు మసాజ్ లాంటివి ఉపయోగపడవచ్చని ఉందని ఆవిడే చెప్పారు.

రెండో రోజు నుంచి ద్రోణి. ఒకే చెక్కలో తొలిచిన పొడవాటి బల్ల, అంచులు ఎత్తుగా, తైలం కారిపోకుండా. ఆడవాళ్ళకి ఆడవాళ్ళే చేస్తారు. చెరో పక్కా నిలబడి ఇద్దరూ ఒకే లయలో, మెడ నుంచి మడమ దాకా చేతులు జార్చేవాళ్ళు. వెన్నుపూస మీద బరువు వేసేది లేదు, పక్కనున్న కండల మీదే. ‘వేదన?’ అని మాటిమాటికీ అడిగేవాళ్ళు. మూడో రోజుకి ఇద్దరూ ‘నొప్పా?’ అనడం నేర్చుకున్నారు. నలభై అయిదు నిమిషాలు, అంతే. ఎక్కువసేపు చేయమని అడిగితే డాక్టరమ్మ ఒప్పుకోలేదు.

తర్వాత అయిదు రోజులు ఆకుల కిళి. వావిలాకు, ఆముదం ఆకు, జిల్లేడాకు తరిగి, కొబ్బరి కోరు, నిమ్మకాయ ముక్కలతో తైలంలో వేయించి గుడ్డలో మూటకట్టి, వేడి వేడిగా నడుము మీద అద్దుతారు. ఆ వాసన తగలగానే మా అమ్మ గుర్తొచ్చింది. నేను బాలింతగా ఉన్నప్పుడు వావిలాకు వేసి కాచిన నీళ్ళు నడుము మీద పోసేది. అదే ఆకు, అదే వేడి. ఇంటికి అంత దూరంలో ఆ బల్ల మీద పడుకుని ఏడ్చేశాను. ఆ అమ్మాయి కంగారుపడి మూట పక్కన పెట్టి నుదుటి మీద చెయ్యి వేసింది.

చివరి రోజుల్లో కటివస్తి. గారెల పిండి కంటే గట్టిగా కలిపిన మినపపిండితో నడుము మీద గుండ్రంగా గట్టు కట్టి, అందులో గోరువెచ్చని తైలం పోసి అరగంట నిలబెడతారు. చల్లారుతుంటే తీసి మళ్ళీ వేడిది పోస్తారు. నాకు అన్నిటికంటే ఎక్కువ సుఖమిచ్చింది ఇదే. ఆ అరగంటలో కండలు ఒక్కొక్కటీ వదులవడం తెలిసేది. స్నానానికి పెసరపిండి, తర్వాత మాడు మీద రాస్నాది చూర్ణం.

గది పెద్దదేం కాదు. కొబ్బరి పీచు పరుపు, గట్టి మంచం, ఫ్యాన్, వేడి నీళ్ళు. టీవీ లేదు. పొద్దున గంజి, పెసలు, మధ్యాహ్నం ఎర్రబియ్యం అన్నం. కారం లేని ఆ కూరలు గుంటూరు నాలుకకి నాలుగు రోజులు కష్టమే. మా వారు తెచ్చిన కందిపొడి కూడా తిననివ్వలేదు. పగటి నిద్ర, చన్నీళ్ళు కూడదు. ఆడవాళ్ళ వార్డులో వెస్టర్న్ టాయిలెట్లు రెండే ఉండటం మాత్రం ఇబ్బంది. నడుము రోగులు కింద కూర్చోలేరు కదా, ఈ మాట వాళ్ళకి రాసిచ్చి వచ్చాను.

సాయంత్రాలు వాన తెరిపిస్తే నడక. వల్లత్తోళ్ కవి 1930లో నెలకొల్పిన కేరళ కళామండలం ఈ ఊళ్ళోనే. కథకళి నేర్చుకునే పిల్లలకి వర్షాకాలంలో గురువులు కాళ్ళతో ఒళ్ళంతా ఉళిచ్చిల్ అనే మర్దన చేస్తారని విన్నాను. కర్ర పట్టుకుని బరువు ఆపుకుంటూ పాదంతో రుద్దుతారు. అది ఆరోగ్యంగా ఉన్న ఒంటిని వంచడానికి చేసేది. అలాంటి పాదాల మర్దన నాకూ చేస్తారా అని అడిగితే డిస్క్ ఉబ్బినవాళ్ళకి కూడదని డాక్టరమ్మ గట్టిగా చెప్పారు. చాలాచోట్ల డబ్బిస్తే ఎవరికైనా చేస్తారు, జాగ్రత్త.

మేం వచ్చేసే వారంలోనే కర్కిడకం మొదలైంది. మలయాళీలు వైద్యానికి మంచి నెల అని నమ్మే కాలం, ఇళ్ళల్లో సాయంత్రం దీపం పెట్టి రామాయణం చదువుతారు. గదులన్నీ నిండిపోయాయి. ముందే వెళ్ళడం మంచిదైంది.

ఖర్చు: గది, వైద్యం, మందులు, ఇద్దరి తిండి కలిపి యాభై ఎనిమిది వేలు. రైలు ఖర్చు వేరు. మాలాంటివాళ్ళకి చిన్న మొత్తం కాదు. కోవళంలో గంటకి ఇచ్చిన లెక్కన చూస్తే మాత్రం ఇక్కడ నాకు దక్కింది చాలా ఎక్కువ. ఇన్సూరెన్స్ ఉన్నవాళ్ళు ఆయుష్ (ఆయుర్వేదం లాంటి వైద్యాలు) చికిత్సకి అది వర్తిస్తుందా, ఏ ఆసుపత్రులకి వర్తిస్తుందో బయల్దేరేముందే అడగండి.

నొప్పి పూర్తిగా పోలేదు. పదిలో ఏడు ఉండేది రెండుకి దిగింది, కాలిలో లాగడం ఆగింది. డిస్చార్జి రోజున డాక్టరమ్మ దాచకుండా చెప్పారు: ‘తైలం డిస్క్‌ని వెనక్కి నెట్టదు. బిగుసుకున్న కండలు వదిలాయి, భయం తగ్గింది. ఈ రెండు నెలల్లో నడుముకి బలం తెచ్చుకోకపోతే నొప్పి మళ్ళీ వస్తుంది.’ అప్పటికే పదో రోజు నుంచి ఆవిడ నాకు కొన్ని వ్యాయామాలు చేయిస్తున్నారు. ఇంటికొచ్చి సొరుగులో పాత కాగితం తీసి చూస్తే దాదాపు అవే. నొప్పితో ఉన్నప్పుడు చేయలేకపోయినవి ఇప్పుడు చేయగలుగుతున్నాను.

మిషన్ ఎత్తు రెండంగుళాలు పెంచించాను. ఫోన్‌లో నలభై నిమిషాలకోసారి అలారం మోగుతుంది, లేచి వాకిట్లో తులసి కోట చుట్టూ నాలుగు సార్లు తిరిగి వచ్చి కూర్చుంటాను. పొద్దున ముప్పావు గంట నడక. శ్రావణం గిరాకీలో ఒక వారం మానేస్తే తొడ వెనక మళ్ళీ సలుపు మొదలైంది, నడక మొదలుపెట్టాక తగ్గింది. వచ్చే ఆషాఢానికి అదే ఆసుపత్రికి రాశాను, ఈసారి ఏడు రోజులకే.